సొంత వ్యాపారంలో ఊపిరి సలపడం లేదా? మాటల పద్దు రాయండి

మే నెల రెండో వారం, విజయవాడ. రాత్రి పదిన్నర దాటినా వంటింటి గోడలు ఇంకా సెగలు కక్కుతున్నాయి. టెంకతో సహా కొట్టించి తెచ్చిన మామిడి ముక్కలు 30 కిలోలు, జీడి తీసి, తుడిచి, పాత నేత చీర మీద పరిచి ఉన్నాయి. పక్కనే ఆ మధ్యాహ్నం తిరిగి వచ్చిన పార్సిల్. అట్టపెట్టె అడుగంతా నూనె, చిరునామా చీటీ మీద అక్షరాలు అలుక్కుపోయాయి. ఫోనులో చదవని సందేశాలు 140. పంపవలసిన ఆర్డర్లు 61. ముక్కల్లో ఉప్పూ కారం కలపాలా, పార్సిల్ మళ్ళీ కట్టాలా, ఫోను అందుకోవాలా, ఏదీ తేలక గంటసేపు ఆ నూనె పెట్టె ముందే కూర్చుండిపోయాను.

పచ్చళ్ళు, పొడుల వ్యాపారం మొదలుపెట్టి అప్పటికి ఏడాదిన్నర. పనికి వెనుకాడే మనిషిని కాను. ఆవకాయ పెట్టే రోజుల హడావిడి చిన్నప్పటి నుంచి చూసినదాన్నే. ఆ రాత్రి నన్ను కట్టిపడేసింది పని కాదని చాలా రోజుల తరువాత అర్థమైంది. నేను ఇచ్చిన మాటలు. 61 మందికి ‘పంపిస్తాను’ అన్నాను. కాయల వ్యాపారికి ‘సోమవారం డబ్బు ఇస్తాను’ అన్నాను. లేబుళ్ళు అచ్చువేసే ఆయనకు ‘రేపు సరిచూసి చెబుతాను’ అన్నాను. పాపకు పుస్తకాల అట్టలు వేస్తాను అన్నాను. వీటిలో ఏ ఒక్కటీ ఎక్కడా రాసి లేదు. అన్నీ తలలోనే ఉన్నాయి.

సరుకు చేతికి రాకముందే డబ్బు పంపేవారు మన మాట నమ్మే పంపుతారు. సున్నా నుంచి మొదలుపెట్టినవారికి పేరు ఉండదు, గుమాస్తా ఉండడు, పెట్టుబడి అంతంత మాత్రం. ఉన్నదంతా మాటే కనుక అడిగిన ప్రతివారికీ ఇచ్చేస్తాము. ఉక్కిరిబిక్కిరి అక్కడ మొదలవుతుంది. డబ్బుకు పద్దు రాసినట్టే మాటలకూ పద్దు రాయడం మొదలుపెట్టాక నేను గట్టెక్కాను. ఆ పద్ధతినే ఇక్కడ మెట్టు మెట్టుగా చెబుతాను. ఉదాహరణలు పచ్చళ్ళవే అయినా కుట్టుపని, ట్యూషన్లు, మొక్కల నర్సరీ, దేనికైనా లెక్క ఒకటే.

మొదటి మెట్టు: ముందు ఈ రాత్రి గడవాలి

ఊపిరి సలపని స్థితిలో ప్రణాళికలు వేయకండి. చెడిపోయేది ఏమైనా ఉంటే అది ఒక్కటే చేయండి. నా విషయంలో అది మామిడి ముక్కలు. ఉప్పు, పసుపు కలిపి జాడీకి ఎత్తేస్తే తెల్లవారేదాకా ఏమీ కాదు. మిగిలినవన్నీ ఆగుతాయి.

తరువాత ఎదురుచూస్తున్నవారందరికీ ఒకే సందేశం పంపండి. నేను పంపినది ఇది: ‘మీ ఆర్డరు నా దగ్గర నమోదై ఉంది. ఏ తేదీకి పంపగలనో రేపు సాయంత్రం ఆరు లోపు చెబుతాను. అంతవరకు ఓపిక పట్టమని మనవి.’ ఇందులో క్షమాపణల వరుస లేదు, కారణాలు లేవు, నిలబెట్టుకోగల ఒక చిన్న మాట ఉంది. ఆ తరువాత ఫోను పక్కన పెట్టి, పెరుగన్నమైనా తిని పడుకోండి. నిద్రలేని కళ్ళతో చేసిన పని మరునాడు రెండింతలై తిరిగి వస్తుంది. నూనె కారిన ఆ పార్సిల్ సంగతి కింద చెబుతాను, అది దీనికి సాక్ష్యం.

రెండో మెట్టు: మాటల పద్దు

ఉదయం ఒక 200 పేజీల నోటుపుస్తకం తీసుకోండి. ఫోనులో వద్దు. ఫోను తెరిస్తే సందేశాలు కనిపిస్తాయి, మళ్ళీ మొదటికి వస్తారు. పేజీని నాలుగు నిలువు గళ్ళు చేయండి: ఎవరికి, ఏమని, ఎప్పటికి, ఎవరు చేయాలి.

ఇచ్చిన ప్రతి మాటా ఒక వరుస. కొనుగోలుదారులకు ఇచ్చినవే కాదు, ఇంట్లోవారికి ఇచ్చినవి, బ్యాంకుకు, ప్రభుత్వానికి ఇచ్చినవి, మీకు మీరు ఇచ్చుకున్నవి కూడా. ‘ఈ నెలలో వెబ్‌సైటు పెట్టాలి’ అనుకున్నారా, అదీ మాటే. రాస్తున్నంతసేపు ఏదీ సరిదిద్దవద్దు, ఎవరికీ జవాబు ఇవ్వవద్దు. నాకు దాదాపు రెండు గంటలు పట్టింది. మొత్తం 97 వరుసలు తేలాయి.

ఆ పేజీలు చూసినప్పుడు నన్ను ఆశ్చర్యపరచింది మూడో గడి. 97లో 58 వరుసలకు తేదీయే లేదు. ‘చూస్తాను అక్కా’, ‘పంపిస్తానులే వదినా’, ‘వీలు చూసుకుని చేస్తాను’. అడిగినవారు అప్పటికి నవ్వుతూ ఫోను పెట్టేశారు. కానీ తేదీ లేని మాటకు ప్రతి రోజూ గడువే. పొద్దున లేచిన దగ్గర నుంచి ఆ 58 మంది నా తలలో వరుసలో నిలబడి ఉన్నారన్నమాట.

1927లో బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, పూర్తయిన పనులకన్నా మధ్యలో ఆగిన పనులే మనుషులకు ఎక్కువగా గుర్తుంటున్నాయని తన ప్రయోగాల ఆధారంగా రాశారు. తరువాతి ప్రయోగాలన్నీ ఆమెతో ఏకీభవించలేదు. అయితే 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు మనలాంటివారికి పనికొచ్చే సంగతి ఒకటి చూపారు. పని పూర్తి చేయకపోయినా ఎప్పుడు, ఎలా చేస్తామో స్పష్టంగా నిర్ణయించుకుంటే చాలు, అది మనసులో అడ్డుతగలడం తగ్గుతుంది. అందుకే ఆ మూడో గడి ఖాళీగా ఉండకూడదు. తేదీ వేయలేని మాట ఇచ్చి ఉండవలసినది కాదు.

మూడో మెట్టు: కొన్ని మాటలు వెనక్కి తీసుకోవడం

అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇది. అందరూ ఇక్కడే తప్పించుకుంటారు. పద్దు రాసి, ఇక పొద్దున నాలుగింటికి లేచి అన్నీ చేసేస్తాను అనుకుంటారు. వద్దు. ఆ అదనపు గంటలు వారం రోజులే వస్తాయి.

ప్రతి వరుస పక్కన మూడింటిలో ఒక గుర్తు పెట్టండి. తప్పితే పూడ్చుకోలేని నష్టం జరిగేవాటికి చుక్క. అమెరికా వెళ్ళే అబ్బాయికి 18వ తేదీ విమానం ఉంటే ఆ పచ్చడి 17వ తేదీకి ఇంటికి చేరాలి, 19న చేరితే ఎవరికీ ఉపయోగం లేదు. పన్ను గడువులూ అంతే. రోజులు జరపగలిగేవాటికి గీత. ఇక ఇవ్వకుండా ఉండవలసిన మాటలకు కొట్టివేత. నా 97లో 14 చుక్కలు, 52 గీతలు, 31 కొట్టివేతలు.

ఆ 31లో కొత్తగా మొదలుపెడతానన్న నువ్వుల లడ్డూలు, ఒక పెళ్ళికి ఒప్పుకున్న 200 చిన్న సీసాలు, వెబ్‌సైటు, తొమ్మిది ఆర్డర్లు ఉన్నాయి. ఆ తొమ్మిది మందికి విడివిడిగా ఫోను చేశాను. ‘అమ్మా, మీరు అడిగిన ఉసిరి ఆవకాయ ఇప్పుడు నాణ్యంగా చేయలేను, ఉసిరి కాలం కాదు. ఒప్పుకోవడం నా పొరపాటు. మీ డబ్బు ఇప్పుడే వెనక్కి వేస్తున్నాను’ అని చెప్పి, ఫోను పెట్టేలోపే యూపీఐలో పంపాను. ఒకరు కోప్పడ్డారు. ఇద్దరు కాలం వచ్చాక పంపమన్నారు. మిగిలినవారు సరేనమ్మా అన్నారు.

వెనక్కి తీసుకునేటప్పుడు మూడు జాగ్రత్తలు. గడువు రాకముందే చెప్పండి, తరువాత చెబితే అది మాట తప్పడం. తప్పు మీదని ఒక్కసారి చెప్పండి, పదిసార్లు కాదు. డబ్బు ముడిపడి ఉంటే అదే నిమిషంలో తిరిగి ఇవ్వండి. మాట తిరిగి తీసుకుంటే పేరు పోతుందన్న భయం నాకూ ఉండేది. పేరు పోగొట్టేది మౌనమే.

నాలుగో మెట్టు: రోజుకు ఎన్ని మాటలు నిలబెట్టుకోగలరు?

ఇది ఊహించకండి, గడియారం పెట్టి చూడండి. ప్రతి వ్యాపారంలోనూ పని ఎక్కడో ఒకచోట సన్నబడుతుంది, గరాటు మూతిలాగా. అక్కడ పట్టే సమయమే మీ అసలు సామర్థ్యం. నా ఇరుకు కలపడంలో ఉందనుకునేదాన్ని. ఒక శనివారం సమయం రాసుకుంటే తేలింది ప్యాకింగులో అని. తూచడం, నింపడం, సీలు వేయడం, లేబులు, పెట్టె, చిరునామా కలిపి పార్సిలుకు 14 నిమిషాలు. ఆ పనికి రోజుకు మూడు గంటలు దొరుకుతాయి. అంటే 12 పార్సిళ్ళు. 61 ఆర్డర్లకు ఐదు రోజుల పైమాట. నేనేమో గడువు చెప్పినవారికల్లా ‘రెండు రోజుల్లో’ అని చెబుతూ వచ్చాను.

జాన్ లిటిల్ అనే అమెరికన్ ఆచార్యుడు 1961లో నిరూపించిన సూత్రం ఒకటి ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది. వరుసలో ఉన్నవారి సంఖ్య, వచ్చే వేగం, వేచి ఉండే కాలం ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. రోజుకు 12 పంపగలిగినప్పుడు చేతిలో 60 ఉంటే ఐదు రోజులు ఆగవలసిందే. 120 ఉంటే పది రోజులు. మనం ఎంత పరుగెత్తినా ఈ లెక్క మారదు. మారేవి రెండే: వరుసలోకి కొత్తవారిని రానివ్వకపోవడం, 14 నిమిషాలను తగ్గించడం.

మొదటిదానికి నేను పెట్టుకున్న హద్దు 48. ఆ సంఖ్య చేరగానే ‘ఈ విడత ఆర్డర్లు ముగిశాయి, తరువాతి విడత ఫలానా తేదీ’ అని పెట్టేస్తాను. రెండోదానికి రకాలు తగ్గించాను. 14 రకాల నుంచి ఐదుకు వచ్చాను: ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి, నల్లకారం. రకం మారినప్పుడల్లా గరిటె కడగాలి, త్రాసు తుడవాలి, లేబుళ్ళ కట్ట మార్చాలి. ఆ చిన్న చిన్న ఆటంకాలు పోగానే పార్సిలుకు పది నిమిషాలు చాలాయి.

ఇప్పుడు ఆ నూనె కారిన పార్సిల్. తెచ్చి సంచిని కత్తిరించి వెలుగులో పెట్టి చూశాను. సీలు వేసిన అంచు పొడవునా వెంట్రుక మందాన నూనె చార ఉంది. నింపేటప్పుడు గరిటె సంచి మూతికి తగిలింది. నూనె అంటిన చోట ప్లాస్టిక్ పొరలు వేడికి సరిగా అతుక్కోవు. పైకి అతికినట్టే కనిపిస్తాయి, ప్రయాణంలో ఒత్తిడి పడగానే విడిపోతాయి. ఆ సంచి కట్టినది రాత్రి ఒంటిగంటకు. పగలైతే ఆ మూతిని పొడిగుడ్డతో తుడిచి ఉండేదాన్ని. ఆ ఒక్క తుడుపు తప్పినందుకు మళ్ళీ పచ్చడి పంపడం, కొరియరు ఖర్చు, కొన్నావిడకు సర్దిచెప్పడం, కొరియరు వారితో ఫిర్యాదు, ఇలా నాలుగు కొత్త వరుసలు పద్దులో చేరాయి. ఇప్పుడు వెడల్పు మూతి గరాటుతో నింపి, అంచు తుడిచి, ఒక వేలెడు దూరంలో రెండు సీళ్ళు వేస్తాము. రాత్రి ఎనిమిది తరువాత సీలు యంత్రం ప్లగ్గు తీసేస్తాము.

ఐదో మెట్టు: డబ్బు భయాన్ని అంకెగా మార్చడం

అర్ధరాత్రి మెలకువ తెప్పించేది ఎక్కువగా డబ్బే. ఎంత తక్కువ ఉందో తెలియకపోవడం, తక్కువ ఉండటం కన్నా ఎక్కువ బాధిస్తుంది. పచ్చళ్ళలో ఈ చిక్కు మరీ ముదురు. మిరపకాయలు చవకగా, కొత్తగా దొరికేది ఎండాకాలం ముందు, కాయలు ఏప్రిల్, మే నెలల్లో. ఏడాది పొడవునా అమ్మేదానికి ఖర్చంతా మూడు నాలుగు నెలల్లోనే పెట్టాలి. మే నెలలో ఖాతాలో లక్షా 42 వేలు కనిపించి నేను సంబరపడ్డాను. జూన్ 10 నాటికి 6,300 మిగిలాయి. నష్టం రాలేదు, డబ్బు జాడీల్లో ఉంది. అది నాకు అప్పుడు తెలియదు.

వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరవండి, ఇది వాయిదా వేయకండి. ప్రతి శనివారం మూడు అంకెలు రాయండి: చేతిలో ఉన్నది, రావలసినది, ఇవ్వవలసినది. రాబోయే 13 వారాలకు వారానికొక వరుస గీసి, ఏ వారం ఎంత బయటకు పోతుందో పెన్సిలుతో వేయండి. ఏ వారంలో లోటు పడుతుందో రెండు నెలల ముందే కనిపిస్తుంది. అంత ముందుగా కనిపిస్తే కాయల వ్యాపారిని గడువు అడగవచ్చు, ముందస్తు ఆర్డర్లు తీసుకోవచ్చు, బ్యాంకుకు వెళ్ళవచ్చు. 2015లో మొదలైన ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు తాకట్టు లేకుండా అప్పు ఇస్తారు. లోటు పడ్డ రోజున తెలుసుకుంటే మిగిలేది ఫోను యాప్‌ల అప్పు, దాని జోలికి మాత్రం వెళ్ళవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

ధర కట్టేటప్పుడు మీ కూలి వేసుకోండి. కారం, నూనె, ఆవపిండి, సీసా, పెట్టె లెక్కవేసి ఆగిపోతే, మీ గంటలు ఉచితమని మీరే రాసి ఇచ్చినట్టు. చాలామంది ఇంటి వ్యాపారుల అలసటకు కారణం తక్కువ ధర. రెండింతలు అమ్మితే తప్ప గిట్టదు, రెండింతలు చేసే చేతులు లేవు.

ఆరో మెట్టు: కాగితాలకు ఒక్క రోజు

ప్రభుత్వ కాగితాల భయం వాటి పని కన్నా పెద్దది. తిండి వస్తువు అమ్మేవారికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నమోదు తప్పనిసరి, ఆ 14 అంకెల నంబరు లేబులు మీద ఉండాలి. 2020 జూలై 1న మొదలైన ఉద్యమ్, అంటే చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు, పూర్తిగా ఉచితం, ఆధార్‌తో మీరే చేసుకోవచ్చు. డబ్బు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు.

ఒక సంగతి మాత్రం చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. రాష్ట్రం దాటించి సరుకు అమ్మితే, అమ్మకాలు ఎంత తక్కువైనా మనలాంటివారికి జీఎస్టీ నమోదు కావాలి. 2014 నుంచి విజయవాడ, హైదరాబాదు వేర్వేరు రాష్ట్రాలు. బెంజి సర్కిల్ నుంచి కూకట్‌పల్లికి పంపిన అరకిలో గోంగూర కూడా రాష్ట్రం దాటినట్టే. నమోదు చేసుకున్నాక అమ్మకాలు లేని కాలానికీ రిటర్ను వేయాలి, లేకపోతే ఆలస్య రుసుము. ఈ గడువులన్నీ చుక్క గుర్తుతో ఏడాదికి సరిపడా ఒకేసారి పద్దులో వేసుకోండి. నెలకు ఒక రోజు కాగితాలకు కేటాయించండి, మిగిలిన రోజుల్లో ఆ కాగితాల సంచి తెరవకండి. నేనైతే మొదటి రిటర్ను నుంచే అకౌంటెంటుకు అప్పగించాను, ఆ ఖర్చుకు ఒక్కనాడూ బాధపడలేదు.

ఏడో మెట్టు: నాలుగో గడిలో మరో పేరు

పద్దులో ‘ఎవరు చేయాలి’ అన్న గడి నిండా మీ పేరే ఉంటే ఎన్ని మెట్లెక్కినా ఆయాసం తగ్గదు. కానీ పని అప్పగించడం ఎలాగో మనకు ఎవరూ నేర్పలేదు. మా వదినను సాయానికి పిలిచినప్పుడు నేను పక్కనే నిలబడి ప్రతిదీ సరిదిద్దేదాన్ని. మూడో రోజు ఆవిడ గరిటె కింద పెట్టి, ‘నేను చేయాలా, నువ్వు చేస్తుంటే చూడాలా, ఏదో ఒకటి చెప్పమ్మా’ అంది. ఆవిడ అన్నది నిజం.

ఆ వారం కూర్చుని కొలతలు రాశాను. ‘తగినంత ఉప్పు’ అన్నది మా అమ్మకూ నాకూ సరిపోతుంది, మూడో మనిషికి సరిపోదు. కిలో ముక్కలకు ఎన్ని గ్రాముల కారం, ఎంత ఆవపిండి, ఎంత ఉప్పు, మూడో రోజు తిరగకలిపాక నూనె ఎంత పైకి తేలాలి, అన్నీ గోడకు అంటించాను. ప్యాకింగు మొత్తం వదిన బాధ్యత, నెలకు జీతం. మా మధ్య చుట్టరికం ఉంది కాబట్టే జీతం ముందే మాట్లాడుకున్నాము. రుచి చూడటం, కాయలు కొనడం నా చేతిలో ఉంచుకున్నాను.

ఇంట్లోవారితోనూ ఇలాగే మాట్లాడుకోవాలి. ‘కాస్త సాయం చేయండి’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘ఏప్రిల్ 15 నుంచి మే నెలాఖరు దాకా రాత్రి వంట మీది, పాప హోంవర్కు మీది’ అంటే అర్థమవుతుంది. మా వారికి మొదటి వారం వేసవి ఎండకన్నా చారు పెట్టడానికే ఎక్కువ చెమటలు పట్టాయి, రెండో వారానికి అలవాటైంది. ఆడవారు నడిపే ఇంటి వ్యాపారంలో ఉక్కిరిబిక్కిరి సగం అక్కడే ఉంటుంది, దాన్ని వ్యాపార పుస్తకంలో రాసుకోవడానికి మొహమాటపడకండి.

ఎనిమిదో మెట్టు: వారానికి ఒక వరస

సోమవారం కొనుగోళ్ళు. మంగళ, బుధవారాలు తయారీ. గురు, శుక్రవారాలు ప్యాకింగు. శనివారం సాయంత్రం 40 నిమిషాలు పద్దు చదవడం. ఆదివారం సెలవు. ఫోను జవాబులు రోజుకు రెండుసార్లు, ఉదయం 11కు, సాయంత్రం ఐదుకు. ఇంతే. మీ వరస వేరుగా ఉంటుంది, కానీ ఒక రోజుకు ఒక జాతి పని అన్న సూత్రం వదలకండి.

పద్దుతో తీరనిది

రెండు వారాలుగా నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, ఇష్టమైనవారిని చూసినా ఏమీ అనిపించకపోతే అది నిర్వహణ లోపం కాదు. డాక్టరును కలవండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా పక్కనున్నవారికి చెప్పండి, 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవ పేరు టెలి మానస్. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అప్పుల వాళ్ళ ఫోన్ల మధ్య ఈ నంబరు గుర్తుకు రాదు, అందుకే పద్దు అట్ట మీద ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఇక చివరగా, పద్దు మొదటి పేజీలో ఒక గీత గీయండి: ఎంతవరకు, ఎప్పటివరకు. ఆపడం గురించి మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే నిర్ణయించాలి. నష్టాల మధ్య కూర్చుని తీసుకునే నిర్ణయాలు మొండిపట్టుగానో, భయంగానో మారతాయి. నేను మా వారితో కూర్చుని రాసినది: ‘మన పొదుపులోంచి వ్యాపారంలోకి 1,80,000 మించి పోకూడదు. పాప చదువు డబ్బు ముట్టకూడదు. ఈ గీత దగ్గరకు వస్తే కొత్త ఖర్చు ఆపి ఇద్దరం మాట్లాడుకోవాలి.’ కింద ఇద్దరి సంతకాలు. కిందటి జనవరిలో ఆ గీతకు 11,000 దూరం వరకు వెళ్ళాము. ఆ నెలంతా కొత్త జాడీ ఒక్కటీ కొనలేదు. ఉన్న మాగాయ అమ్మి, ఫిబ్రవరిలో మిరపకాయలకు వెళ్ళాము.